పాత మారుతీ వ్యాన్ కోసం ఎఫ్‌డీ తీయాలా, బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.62 వేలు వస్తుంది, హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి రూ.48 వేలు ఖర్చవుతుంది. ఎఫ్‌డీలో రూ.1.80 లక్షలున్నాయి. మా మామయ్యగారి 1986 మోడల్ మారుతీ వ్యాన్ తొమ్మిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. నన్ను తీసుకోమన్నారు. రూ.2.20 లక్షలిస్తే కొత్తదానిలా చేసిస్తానని మెకానిక్ అంటున్నాడు. ఎఫ్‌డీలోంచి రూ.1.20 లక్షలు తీసి, మా ఆవిడ బంగారం మీద మరో లక్ష తెద్దామనుకుంటున్నాను. ప్రీవెడ్డింగ్ షూట్లకు అద్దెకిచ్చి అప్పు తీర్చేస్తాను. వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తే విలువ కూడా పెరుగుతుంది కదా! ఎఫ్‌డీ తీయడం నయమా, మొత్తం గోల్డ్ లోనే నయమా?

జవాబు: రెండూ వద్దు. ఏ జేబులోంచి తీయాలని అడిగారు. ఆ రెండు జేబులూ వ్యాన్‌వి కావు.

మీరు ఆ పేరు పెట్టలేదు గానీ, ఆ ఎఫ్‌డీయే మీ అత్యవసర నిధి. నెలకు రూ.48 వేల చొప్పున ఆరు నెలలకు రూ.2.88 లక్షలుండాలి. ఉన్నది రూ.1.80 లక్షలు, అంటే నాలుగు నెలలకు కూడా చాలదు. అందులోంచి రూ.1.20 లక్షలు తీస్తే మిగిలేది నలభై రోజుల ఖర్చు కూడా కాదు. అప్పుడే ఉద్యోగం పోయిందనుకోండి. వ్యాన్ అద్దాలూ తలుపులూ ఊడదీసి, పెయింటర్ దగ్గర ఇటుకల మీద ఉంటుంది. నడిచే పాత వ్యాన్‌కు కొనేవాళ్లుంటారు, సగం విప్పిన దానికి తుక్కు ధరే. డబ్బు అవసరమైన రోజునే దాన్ని అమ్మలేరు.

ఇక బంగారం. అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే గోల్డ్ లోన్‌కు గడువు ఎక్కువలో ఎక్కువ ఏడాది. మూడు నెలలని మొదలెట్టిన పాత బండి పని ఏడాదికి తేలితే సంతోషించాలి. గడువుకు చేతిలో డబ్బుండదు, వడ్డీ కట్టి రెన్యువల్ చేయిస్తారు. మళ్లీ ఏడాదికి అదే తంతు, ఆ తర్వాత వేలం నోటీసు. సరదా కోసం ఇంట్లోవాళ్ల బంగారం తాకట్టు పెట్టడాన్ని ప్లాన్ అనరు.

పైగా ఆ రూ.2.20 లక్షలు పైపైన చూసి చెప్పిన అంకె. ఈ వ్యాన్‌లో తుప్పు దాక్కునే చోట్లు వేరు: ముందు మ్యాట్ల కింద ఫ్లోరు, జరిగే తలుపు కింది రైలు, వెనక చక్రాల పైన వంపులు, పైన వాన నీళ్ల గాడి. ఒక అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి ఆ చోట్ల ఆనించి చూడండి. పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. దాన్ని గీకితే అరచేయంత రంధ్రం తేలుతుంది. సరిగా చేయాలంటే మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త రేకును మిగ్ వెల్డింగ్‌తో (కరెంటుతో తీగను కరిగించి అతికే పద్ధతి) అతికి, ప్రైమరు, అతుకుల్లో సీలెంటు, అడుగున కోటింగు వేయాలి. గ్యాస్ వెల్డింగ్ చేస్తే పలుచని రేకు వేడికి మెలికలు తిరుగుతుంది, దాన్ని మళ్లీ పుట్టీతోనే కప్పుతారు. రెండు వర్షాకాలాలకు పెయింటు బుడగలు లేస్తుంది. ఎస్టిమేట్‌లో ఎన్ని చోట్ల రేకు మారుస్తారో, ఏ వెల్డింగో రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఆ అంకెకు సగం అదనంగా కలుపుకోండి.

అద్దె సంగతి. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల బోర్డు బండిని అద్దెకు తిప్పకూడదు. షూట్ రోజున ప్రమాదం జరిగితే, పాలసీలో రాసిన వాడకానికి విరుద్ధమని బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు. థర్డ్ పార్టీకి ఇవ్వాల్సిన పరిహారం మీ నెత్తిన పడవచ్చు. బండిని మామూలుగానే వాడినా, పదేళ్లు దాటితే క్లెయిమ్‌లో లోహపు భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. మీరు పోసిన డబ్బు పాలసీలో తిరిగిరాదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు బండి వయసు 50 ఏళ్లు దాటాలి. మీదానికి అది 2036 మాట. వచ్చినా రోజూ తిప్పే వీలుండదు, వ్యాపారానికి అసలే కుదరదు. అప్పటిదాకా ఐదేళ్లకోసారి మామూలు రెన్యువలే. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెరిగింది. గ్రీన్ ట్యాక్స్, నెలల లెక్కన ఆలస్య రుసుము దీనికి అదనం.

వ్యాన్ వదులుకోమనడం లేదు. నెలకు మిగిలే రూ.14 వేలు ఎనిమిది నెలలు ఎఫ్‌డీ పక్కన చేరిస్తే రూ.1.12 లక్షలు, నిధి నిండుతుంది. తొమ్మిదో నెల నుంచి అదే మొత్తాన్ని వ్యాన్ పేరుతో వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాలో ఉన్నంతే పని, అయిపోతే ఆపాలి. ఎఫ్‌డీ మీద లోన్, కార్డు ఈఎంఐ, పర్సనల్ లోన్ గురించి అడగొద్దు, జవాబు ఇదే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ ఈలోగానే తీసుకోండి.

ఈ ఎనిమిది నెలల్లో పెద్దగా ఖర్చులేని పనులున్నాయి. ముందు ఆర్సీ గడువు, ఆర్సీలో ఎవరి పేరుందో చూడండి. బదిలీకి ఫారం 29, 30, రెన్యువల్‌కు ఫారం 25. ఛాసిస్ నంబరు చదవడానికి వీలుగా ఉందా? తుప్పు దాన్ని తినేసి ఉంటే ఆర్టీఓ తనిఖీలో బండి ఆగిపోతుంది, రూపాయి పెట్టకముందే తెలియాల్సిన సంగతి ఇది. మ్యాట్లు తీసేసి ఫ్లోరు ఆరబెట్టండి. పాత పెట్రోలు మొత్తం తీసేయండి. ముందు సీటు లేపితే ఇంజిన్ కనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి క్రాంక్ బోల్టును (ఇంజిన్ ఇరుసు చివరనున్న బోల్టు) స్పానర్‌తో చేత్తో తిప్పి చూడండి. తిరిగితే మంచిదే. తిరక్కపోతే సెల్ఫ్ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్ విప్పే ఖర్చు కూడా ఉందని లెక్క వేసుకోండి.

పని మొదలయ్యాక మొదటి డబ్బు పెయింటుకు కాదు, బ్రేకులకు. ఇన్నేళ్లు నిలబడ్డ బండిలో వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గర బ్రేకును నొక్కే భాగాలు) పట్టేస్తాయి, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బుతాయి, కాబట్టి పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ కిట్‌తో సహా అన్నీ మార్పించండి. తర్వాత పెట్రోలు పైపులు, పంపులోని రబ్బరు పొర (డయాఫ్రం). ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 1986 నాటి రబ్బరు దానికి తట్టుకోదు. లీకైతే పడేది మీ సీటు కింద వేడి ఇంజిన్ మీదే. ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ మార్చాకే స్టార్ట్ చేయండి. టైర్ల గాడి ఎంత లోతున్నా వాటి వయసు చూడండి, టైరు పక్క గోడ మీదున్న నాలుగు అంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరం. తొమ్మిదేళ్ల క్రితంవైతే నాలుగూ, స్టెప్నీ కూడా మార్చాల్సిందే. రేకు పని వీటి తర్వాత, పెయింటు అన్నిటికన్నా చివర.