ఏ కూర్పు, ఏ పుట, ఎవరి మాట? పరిశోధక విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కన్యాశుల్కం మీద లఘు సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. కాలేజీ లైబ్రరీ పుస్తకంలో పుట సంఖ్య ఒకటి, ఇంటర్నెట్‌లో దొరికిన స్కాన్‌లో మరొకటి. ఏది వేయాలి? గ్రంథసూచిలో ‘అప్పారావు, గురజాడ’ అని కామా పెట్టి రాయమని సీనియర్లు అంటున్నారు. అది సరైనదేనా? (ఎం.ఏ. తెలుగు విద్యార్థిని, విజయనగరం)

పుటలు కలవకపోవడానికి మీ విషయంలో రెండు కారణాలు ఉండొచ్చు. మొదట కూర్పు సంగతి చూడండి. కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఆ రెండోదానికి పునర్ముద్రణలే. అందుకే ‘కన్యాశుల్కం, పుట 84’ అని రాస్తే పరీక్షకుడికి ఏమీ చెప్పనట్టే. 84వ పుటలో ఏముందో ఒక్కో ప్రచురణకర్త పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. రెండు కూర్పులనూ పోలుస్తుంటే సూచిలో రెండు వేర్వేరు పుస్తకాలుగా చూపండి, వ్యాసంలో ఉటంకించిన ప్రతిచోటా సంవత్సరం వేయండి. రెండోదే వాడితే ఆ సంగతి ఉపోద్ఘాతంలో ఒక్క వాక్యంలో చెప్పేయండి చాలు. పునర్ముద్రణ చేతిలో ఉన్నప్పుడు రెండు సంవత్సరాలూ కావాలి: మీ ప్రతి అచ్చయిన ఏడాది, పక్కనే ‘రెండో కూర్పు 1909’ అని.

ఇది నాటకం కాబట్టి ఇంకో వెసులుబాటు ఉంది. పుటకు ముందు అంకం, స్థలం వేయండి. బొంకులదిబ్బ దగ్గర గిరీశం మాటలు తీసుకుంటే ‘1వ అంకం, 1వ స్థలం, పుట ఫలానా’ అనాలి. అప్పుడు ఎవరి దగ్గర ఏ ముద్రణ ఉన్నా వెతుక్కోగలరు.

ఇక స్కాన్. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పీడీఎఫ్ తెరిస్తే కింద కనిపించే అంకె అట్టతో మొదలవుతుంది. పీఠికలు, విషయసూచిక దాటాక గానీ అచ్చు పుట 1 రాదు. కాగితం మీద అచ్చయిన అంకెనే వేయాలి, తెర మీది అంకె కాదు. సైట్‌లో పుస్తకం పేరు పక్కన ఉండే వివరాలను కూడా ముఖపత్రంతో, దాని వెనక పుటతో సరిచూడకుండా ఎత్తి రాయకండి. పాత తెలుగు పుస్తకాల స్కాన్లలో ఆ వివరాలు తరచు తప్పుగా ఉంటాయి. ఎక్కడా సంవత్సరం దొరక్కపోతే ‘ప్రచురణ సంవత్సరం లేదు’ అనే రాయాలి. పీఠిక చివరి తేదీ చూసి ప్రచురణ సంవత్సరం ఊహించడం పొరపాటు.

పేరుకు వస్తే, ఇంగ్లీషు పద్ధతిలో కామా దేనికంటే, చివరున్న ఇంటిపేరును ముందుకు తెచ్చామని చెప్పడానికి. మన ఇంటిపేరు ముందే ఉంటుంది. ‘గురజాడ అప్పారావు’ అని ఉన్నదున్నట్టు రాసి ‘గ’ వరసలో పెట్టండి. మీ సీనియర్ల పద్ధతిలో రాస్తే పేర్లన్నీ ఇంటిపేరు వరసలో కాక అప్పారావు, రామమూర్తి లాంటి సొంత పేర్ల వరసలో చేరతాయి. గ్రంథసూచి తయారుచేసిపెట్టే జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ చేసే పని కూడా సరిగ్గా అదే. చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. అందులో పేరు గడులు రెండుంటాయి, వాటిని ఒకే గడిగా మార్చే వీలుంది. తెలుగు రచయితలందరికీ అలా మార్చుకోండి. సగం పేర్లు ఒకలా సగం ఇంకోలా ఉండటం అన్నిటికన్నా అధ్వానం.

ప్రశ్న: సవర భాష గురించి గిడుగు రామమూర్తి చెప్పిన మాట ఒక పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో దొరికింది. ఆయన 1931 నాటి ఇంగ్లీషు పుస్తకం మాకు అందుబాటులో లేదు. నేరుగా గిడుగు పేరే వేయొచ్చా? (పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం)

వేయకూడదు. మీరు చూసింది సిద్ధాంత వ్యాసాన్ని. ‘గిడుగు 1931, ఫలానా సిద్ధాంత వ్యాసం పుట 112లో ఉటంకింపు’ అని పాదసూచికలో రాయండి. గ్రంథసూచిలో మాత్రం మీరు చదివిన సిద్ధాంత వ్యాసమే ఉండాలి. ఆ పరిశోధకుడు పుట తప్పు వేసి ఉంటే నేరుగా గిడుగు పేరు వేసిన మీకూ ఆ తప్పు అంటుకుంటుంది. గైడ్లు ఎత్తిరాతను పట్టుకునేది చాలాసార్లు ఇలాంటి ఉమ్మడి అచ్చుతప్పుల వల్లనే. అసలు పుస్తకం కోసం వెతికేటప్పుడు ఇంగ్లీషు జాబితాల్లో ‘రామమూర్తి, జి.వి.’ అని కూడా చూడండి.

సిద్ధాంత వ్యాసం శోధ్‌గంగలో (భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు ఉంచే సైట్) దొరికితే రచయిత, శీర్షిక, డిగ్రీ, విశ్వవిద్యాలయం, సంవత్సరం రాసి, మొత్తం వ్యాసానికి ఉన్న శాశ్వత లింకు ఇవ్వండి. అక్కడ ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉంటుంది. అధ్యాయం ఫైలు లింకు ఇస్తే చదివేవాళ్లకు అది ఎవరి వ్యాసమో కూడా తెలియదు.

ప్రశ్న: ఎత్తిరాతను పట్టే సాఫ్ట్‌వేర్‌లో నా సిద్ధాంత వ్యాసానికి సారూప్యత 28 శాతం వచ్చింది. మాటలు మార్చి రాస్తే తగ్గుతుందని స్నేహితులు చెబుతున్నారు. (పరిశోధక విద్యార్థిని, ఎచ్చెర్ల)

శాతం తగ్గొచ్చు గానీ తప్పు పోదు. భావం ఇంకొకరిదైతే మాటలు మీవైనా మూలం చూపాల్సిందే.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే మూలం చూపిన ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావు. మీ 28లో అవి కలిశాయేమో ముందు నివేదిక తెరిచి చూడండి. కొటేషన్ గుర్తులు మరిచిపోయిన ఉటంకింపు సాఫ్ట్‌వేర్ కంటికి మీ సొంత వాక్యమే. మూలాలు చూపడానికి వాడే పద్ధతుల్లో ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో 40 మాటలు, అంతకు మించిన ఉటంకింపును గుర్తులు లేకుండా అర అంగుళం లోపలికి జరిపి విడి పేరాగా వేస్తారు. ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో వచనం నాలుగు వరసలు దాటితే అలా చేస్తారు.

వ్యాసం తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టిస్తే అది యూనికోడ్ కాదు. సాఫ్ట్‌వేర్‌కు అర్థంలేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. అలా వచ్చిన 2 శాతాన్ని చూసి మురిసిపోకండి, యూనికోడ్‌లోకి మార్పించి మళ్లీ చూపించండి.

ప్రశ్న: పొందూరు ఖాదీ మీద ప్రాజెక్టు కోసం నూలు వడికేవాళ్లతో మాట్లాడి రికార్డు చేశాను. వాళ్ల పేర్లు గ్రంథసూచిలో రాయాలా? (డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస)

వాళ్లు మీ పరిశోధనలో పాల్గొన్నవాళ్లు. వాళ్ల మాటలు మీ సమాచారం, వేరొకరి రచన కాదు. ఏపీఏ పద్ధతిలో అలాంటివాళ్లను మూలంగా చూపనక్కర్లేదు. ‘వడికేవారు 3, స్త్రీ, సుమారు 60 ఏళ్లు’ అని గుర్తు ఇచ్చుకుని, ఎవరితో ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారో పరిశోధన పద్ధతి అధ్యాయంలో చెప్పండి. వాలుగ చేప దవడతో పత్తి ఎలా ఏకుతారో ఆమె చెప్పిన వాక్యాన్ని ఆమె యాసలోనే ఉంచండి, గ్రాంథికంలోకి దిద్దకండి. రికార్డు చేసేముందే అనుమతి అడిగి, ఆ సమ్మతి కూడా రికార్డులో పడేలా చూసుకోండి.

ఖాదీ సంఘం అధికారి ఎవరైనా పాత లెక్కలు నోటితో చెబితే దారి వేరు. వ్యాసంలోనే ఆయన పేరు, ‘వ్యక్తిగత సంభాషణ’ అన్న మాట, తేదీ వేయాలి. ఏపీఏలో అది సూచిలోకి ఎక్కదు, ఎంఎల్ఏలో ఎక్కుతుంది. మీ కాలేజీ ఏది పాటిస్తుందో గైడును అడిగి, చివరిదాకా ఆ ఒక్కటే పట్టుకోండి.

ప్రశ్న: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టులో 2011 జనాభా లెక్కలు వాడాను. మా ఊరు అప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఏ జిల్లా అని రాయాలి? (డిగ్రీ విద్యార్థిని, పాలకొండ)

లెక్క తీసిననాటి జిల్లాయే రాయండి. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114 అన్నప్పుడు అందులో పాలకొండ ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పట్టిక కిందే ‘2011 నాటి సరిహద్దుల ప్రకారం’ అని వేయండి. కొత్త జిల్లా మొత్తం కావాలంటే 2011 మండలాల లెక్కలు కూడుకుని, ‘కూడిక మాది’ అని రాయాలి. లేకపోతే జనాభా లెక్కల శాఖ ఇవ్వని అంకెను వాళ్లకు అంటగట్టినట్టవుతుంది.

వెనక్కి వెళ్లేకొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో, కాబట్టి 1971 లెక్కల్లో ఆ పేరుతో జిల్లా కనబడదు. 1907 నాటి విశాఖపట్నం గెజిటీరులో విజయనగరం ఉంటుంది గానీ శ్రీకాకుళానికి చోటు లేదు. అప్పట్లో అది చికాకోల్ పేరుతో గంజాం జిల్లాలో ఉండేది. దాని కోసం 1882 నాటి గంజాం మాన్యువల్ తిరగేయాలి.

ప్రశ్న: చాట్‌జీపీటీ ఇచ్చిన రిఫరెన్సులు వాడుకోవచ్చా? (ఇంజనీరింగ్ విద్యార్థి, విజయనగరం)

తెరిచి చదవనిది ఒక్కటీ వాడొద్దు. లేని వ్యాసానికి ఉన్న రచయిత పేరు, ఉన్న పత్రిక పేరు తగిలించి ఇవ్వడం దానికి అలవాటే. డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) సంఖ్య ఇస్తే దాన్ని డీఓఐ సైట్‌లో వేసి చూడండి. అసలు తెరుచుకోకపోవచ్చు, లేదా సంబంధంలేని ఇంకో వ్యాసం రావచ్చు. సంఖ్యే లేకపోతే ఆ పత్రిక సైట్‌లో ఆ సంపుటం, సంచిక తెరిచి విషయసూచిక చూడండి. అక్కడ లేకపోతే మీ సూచిలోంచి కొట్టేయండి.