సివిలైజేషన్ 6లో కొత్త నగరాలు తిరగబడకుండా ఎలా చూసుకోవాలి?

'పొరుగు రాజ్యం పక్కన నగరం కట్టాను, కొన్ని టర్న్‌లకే (ఆటలో వంతులకే) తిరగబడింది, ఎందుకు?' అన్నది ప్రశ్న. సివిలైజేషన్ 6 అనే వ్యూహాత్మక వీడియో గేమ్‌లో దీనికి కారణం 2018లో రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు ప్యాక్‌తో వచ్చిన లాయల్టీ పద్ధతి. లాయల్టీ అంటే నగరం మీకెంత విధేయంగా ఉందో చెప్పే 0 నుంచి 100 దాకా ఉండే కొలత; అది సున్నా అయితే నగరం తిరగబడుతుంది.

అసలు కిటుకు జనాభాలో ఉంది. 9 గడుల లోపు ఉన్న ప్రతి నగరమూ తన జనాభాను బట్టి చుట్టుపక్కల ఒత్తిడి పెడుతుంది. ఒక్కో గడి దూరానికి అది 10 శాతం తగ్గుతుంది. అంటే మూడు గడుల అవతల 7 జనాభా ఉన్న శత్రు నగరం నుంచి వచ్చే ఒత్తిడి దాదాపు 4.9. మీ కొత్త ఊళ్లో ఉన్నది ఒక్కరే! పైగా అవతలివాళ్లు స్వర్ణయుగంలో (ఆటలో బాగా రాణించినవాళ్లకు దక్కే దశలో) ఉంటే వాళ్ల ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. మీది చీకటియుగమైతే (వెనకబడినవాళ్లకు వచ్చే దశ) మీ ఒత్తిడి సగమే. అలాంటప్పుడు సరిహద్దుకు వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

వెళ్లక తప్పదంటే ముందుగా గవర్నర్‌ను (నగరాన్ని చూసుకునే అధికారిని) పంపండి, టర్న్‌కు 8 లాయల్టీ వస్తుంది. ఇది చాలా పెద్ద సాయం. తర్వాత మాన్యుమెంట్ అనే కట్టడం కట్టండి, అదీ లాయల్టీ పెంచుతుంది. సైన్యాన్ని లోపల నిలిపి లిమిటనై అనే ప్రభుత్వ విధాన కార్డు వేస్తే ఇంకో 2. నగరం ఆకలితో ఉండకూడదు.

నేనైతే ఒంటరి నగరం కట్టను. దగ్గర దగ్గరగా రెండు మూడు కడతాను, అవి ఒకదానికొకటి అండగా ఉంటాయి. లాయల్టీ 75కి దిగిందంటే ఆదాయం తగ్గడం మొదలవుతుంది. సున్నాకి వచ్చేదాకా ఆగకుండా అప్పుడే కదలండి.