ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడతానంటున్నాడు, ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్లకు కూర్చోనని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ పెడతానని అంటున్నాడు. రూ.10 లక్షలు అడుగుతున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి ఇవ్వమంటారా? ఈ రంగంలో నిలదొక్కుకోగలడా?

జవాబు: రంగం మంచిదే. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి. ఈ వ్యాపారంలో ప్రోగ్రాం రాయడం పావు వంతు పని. దాన్ని ఆసుపత్రిలో నడిపించడం, సిబ్బందికి అలవాటు చేయడం, డబ్బు వసూలు చేసుకోవడం మిగతా ముప్పావు. మీ అబ్బాయికి ప్రస్తుతం తెలిసింది ఆ పావు వంతే.

ఇందులో పైకొచ్చినవాళ్లను చూడండి. అమెరికాలో ఎపిక్ సంస్థను జూడీ ఫాక్‌నర్ 1979లో మాడిసన్ నగరంలో ఒక బేస్‌మెంట్‌లో మొదలుపెట్టారు. అంతకుముందే ఆమె వైద్యుల కోసం రోగుల వివరాలు భద్రపరిచే వ్యవస్థ రాసి ఉన్నారు. వెంచర్ క్యాపిటల్ (వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో పెట్టే పెట్టుబడి) తీసుకోలేదు, కంపెనీని షేర్ మార్కెట్‌కూ తీసుకెళ్లలేదు. మన దగ్గర ప్రాక్టో 2008లో సూరత్కల్ ఎన్‌ఐటీ విద్యార్థులతో మొదలైంది. వాళ్లలో ఒకరి తండ్రికి మోకాలి ఆపరేషన్ విషయంలో మరో డాక్టరు అభిప్రాయం కావాల్సి వచ్చినప్పుడు రిపోర్టులు పంపడం కష్టమైంది, ఆలోచన అక్కడ పుట్టింది. ఇద్దరికీ సమస్య ముందు తెలిసింది, కంపెనీ తర్వాత వచ్చింది. మీ వాడికి తెలిసిన సమస్య ఏమిటో అడిగి చూడండి. ‘ఆసుపత్రులన్నీ ఇంకా కాగితాల మీదే నడుస్తున్నాయి’ అంటే అది జవాబు కాదు.

ముప్ఫై పడకల నర్సింగ్ హోమ్‌లో అసలు తిప్పలు ఎక్కడుంటాయో చెబుతాను. మొదటిది రిజిస్ట్రేషన్. వెంకటలక్ష్మి పేరు ఇంగ్లిష్‌లో ఒక్కో రోజు ఒక్కో స్పెల్లింగ్‌తో ఎక్కుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు. నంబరును బట్టి రోగిని గుర్తిస్తే అత్త రిపోర్టు కోడలి ఫైల్లో చేరుతుంది. ఇంటిపేరు, వయసు, ఊరు కలిపి వెతికే ఏర్పాటుండాలి. ఒకే మనిషికి రెండు రోగి నంబర్లు పడితే వాటిని కలపాలి, ఎవరు ఎప్పుడు కలిపారో రికార్డులో నిలవాలి.

ఫార్మసీ ఇంకా చిక్కు. డిశ్చార్జి రోజు వార్డు నుంచి మిగిలిన స్ట్రిప్పులు వెనక్కి వస్తాయి. అవి ఏ బ్యాచ్‌లోంచి వెళ్లాయో ఆ బ్యాచ్‌కే, ఇచ్చిన ధరకే చేరాలి. లేదంటే నెలాఖరులో స్టాక్ తేలదు, ఫార్మసిస్టు మొదట తిట్టేది సాఫ్ట్‌వేర్‌నే. పన్ను సంగతి సరేసరి. అదే మాత్ర ఓపీ రోగికి అమ్మితే జీఎస్టీ పడుతుంది. ఐపీలో ఉన్న రోగికి చికిత్సలో భాగంగా ఇస్తే వైద్యసేవలో కలిసి మినహాయింపు పొందుతుంది. ఐసీయూ కాని గది అద్దె రోజుకు రూ.5,000 దాటితే 5 శాతం కట్టాలి. కాలేజీ ప్రాజెక్టులో ఇవేవీ ఎదురుకావు.

ల్యాబ్‌లో పాత మెషీన్లు ఫలితాలను సీరియల్ కేబుల్ మీదుగా పంపిస్తాయి, అదీ ఒకవైపే. శాంపిల్ నంబరును టెక్నీషియన్ చేత్తో కొడతాడు. బార్‌కోడ్ లేకపోతే ఒక అంకె తప్పి ఒకరి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) ఫలితం ఇంకొకరి రిపోర్టులో కూర్చుంటుంది. అందుకే మెషీన్ పంపిన ఫలితాన్ని మనిషి చూసి ఆమోదించేదాకా రిపోర్టు బయటకు వెళ్లనివ్వకూడదు.

కరెంటు, ఇంటర్నెట్ పోయినా బిల్లింగ్ ఆగకూడదు. కౌంటర్లో లోకల్‌గా నడవాలి, లైన్ వచ్చాక క్లౌడ్‌కు చేరాలి. ప్రతి కౌంటర్‌కూ విడి బిల్లు నంబర్ల వరుస ఇవ్వకపోతే, తిరిగి కలిసినప్పుడు ఒకే నంబరుతో రెండు బిల్లులు తేలతాయి. బ్యాకప్ తీస్తే సరిపోదు, నెలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఇక డాక్టర్లు. ఓపీ కిక్కిరిసి ఉన్నప్పుడు ఎవరూ టైప్ చేయరు. చేత్తో రాసిన చీటీని స్కాన్ చేసి ఫైల్లో పెట్టే దారి ఉంచితేనే మిగతా మాడ్యూళ్లు బతుకుతాయి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కేసులు ప్రభుత్వ పోర్టళ్లలోనే నమోదవుతాయి. మీ సాఫ్ట్‌వేర్ చేయాల్సింది కావాల్సిన కాగితాలు, ఫొటోలు, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటీ తప్పకుండా సిద్ధం చేయడం. ఒకటి తక్కువైతే క్లెయిమ్ ఆగుతుంది, ఆసుపత్రికి డబ్బు ఆగుతుంది, చివరికి మీ వాడి చెక్కూ ఆగుతుంది.

నిబంధనలు క్లుప్తంగా చెబుతాను. రోగుల రికార్డులను ఆన్‌లైన్‌లో కలిపే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో అనుసంధానం కావాలంటే శాండ్‌బాక్స్ అనే పరీక్షా వేదికలో మూడు మైలురాళ్లు ఉన్నాయి: 14 అంకెల ఆభా నంబరు (రోగి ఆరోగ్య ఖాతా నంబరు) సృష్టించి సరిచూడటం, రోగి రికార్డులను దానికి జోడించడం, రోగి సమ్మతితో వేరే చోటి రికార్డులు తెచ్చుకోవడం. పరీక్షల తర్వాత కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్ చేత భద్రతా తనిఖీ చేయించాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు వైద్య పరికరాల లైసెన్సు అక్కర్లేదు. ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే సాఫ్ట్‌వేర్ అయితే అది వైద్య పరికరం కిందకు వస్తుంది, 2017 నాటి నిబంధనలు వర్తిస్తాయి. మొదటి ఉత్పత్తికి ఆ దారి ఎంచుకోవద్దు.

మీ అబ్బాయి ప్లేస్‌మెంట్లకు కూర్చోవాలి. ఈ సెలవుల్లో మీ ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్ యజమాని అనుమతితో బిల్లింగ్, ఫార్మసీ, ల్యాబ్, డిశ్చార్జి కౌంటర్ల దగ్గర ఒక్కోచోట కొన్ని రోజులు కూర్చుని చూడమనండి. రోగుల డేటా మాత్రం తన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోకూడదు. సాధనకు సింథియా అనే ఉచిత ప్రోగ్రాం కల్పిత రోగుల రికార్డులు తయారుచేసి ఇస్తుంది. ఓపెన్‌ఎంఆర్‌ఎస్, దాని మీద కట్టిన బామ్నీ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఓపెన్ సోర్సే, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు. వాటిని ఇన్‌స్టాల్ చేసి లోపల టేబుళ్లు ఎలా కట్టారో చదవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం బాగా రావాలి.

డిగ్రీ తర్వాత రెండు మూడేళ్లు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం చేయాలి, అదీ ఇంప్లిమెంటేషన్ (ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపించే) విభాగంలో. జీతం డెవలపర్ల కంటే తక్కువ కావచ్చు, ఊళ్లు తిరగాలి. కానీ కంపెనీ పెట్టేవాడికి కావాల్సిన చదువు అదే. హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రులకు పనిచేసే సంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ క్రమశిక్షణ అబ్బుతుంది గానీ, అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిముల అనుభవం పల్నాడు నర్సింగ్ హోమ్‌లో పెద్దగా అక్కరకు రాదు. ఐఐటీ హైదరాబాద్‌లో హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెంటర్ ఉంది. దాని ఫెలోషిప్‌లో ఆసుపత్రుల్లో అవసరాలు గమనించడం ఒక భాగం. నోటిఫికేషన్ల మీద ఓ కన్నేసి ఉంచండి.

ముగ్గురూ కోడర్లే అయితే అది లోటు. ఆసుపత్రి నిర్వహణ తెలిసినవాళ్లు ఒకరు భాగస్వామిగా ఉండాలి. వాటాలు మొదటిరోజే పూర్తిగా పంచుకోకుండా, నాలుగేళ్లలో ఏటా కొంత చొప్పున దక్కేలా, ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమీ రాకుండా ఒప్పందం రాసుకోవాలి. స్నేహితులే కదా అని ఊరుకున్నచోటే గొడవలు వస్తాయి.

ఎక్కువ చిన్న కంపెనీలు మునిగేది ప్రతి ఆసుపత్రికీ కోడ్ విడిగా మార్చి ఇవ్వడం వల్ల. అయిదో ఆసుపత్రికి అయిదు వెర్షన్లు అవుతాయి, ముగ్గురు మనుషులతో వాటిని సంబాళించలేరు. మార్పులన్నీ సెట్టింగులుగానే ఉండాలి, కోడ్ ఒక్కటే. మొదటి ఆసుపత్రికి కూడా ఉచితంగా ఇవ్వొద్దు. డబ్బు పెట్టని యజమాని సిబ్బందిని వాడమని గట్టిగా చెప్పడు. ఒప్పందం కుదిరినప్పుడు కొంత, డేటా ఎక్కించాక కొంత, నడక మొదలయ్యాక మిగతాది తీసుకుని, ఆపై ఏటా ధరలో 15 నుంచి 20 శాతం నిర్వహణ రుసుం పెట్టడం వాడుక.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు 18 నెలలకు రూ.50 లక్షల వరకు వస్తుందని మీ వాడు చెప్పవచ్చు. అది కొత్త ఆవిష్కరణలకు, మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు రాదు.

రూ.10 లక్షలు ఏ నెలలో దేనికి ఖర్చవుతాయో కాగితం మీద రాసిమ్మనండి. ఆఫీసు అద్దె, ఫర్నిచర్, యాడ్స్ ఉంటే కొట్టేయండి. సర్వర్ అద్దె, ప్రయాణాలు, కంపెనీ రిజిస్ట్రేషన్, భద్రతా తనిఖీ మిగులుతాయి. ఒక ఆసుపత్రి అడ్వాన్సు చెక్కు ఇచ్చాక, ఆ మిగిలినదాన్ని మీ పొదుపులోంచి ఇవ్వగలిగినంత ఇవ్వండి.