పలావన్ బీచ్ స్థలం: డబ్బు పంపే ముందు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, మణికొండలో ఉంటాం. షాద్‌నగర్ దగ్గర ప్లాటు అమ్మితే 1.1 కోట్లు వచ్చాయి. ఫిలిప్పీన్స్‌లోని పలావన్‌లో బీచ్ ఒడ్డున రెండెకరాల ఖాళీ స్థలం 80 లక్షలకు ఇస్తామంటున్నారు. మెల్లగా రిసార్టు కట్టాలని కోరిక. కొనమంటారా?

జవాబు: వద్దండి. మీరు పంపిన డ్రోన్ వీడియో మా ఆవిడకి చూపిస్తే ‘ఎప్పుడు వెళ్దాం’ అంది, అంత బాగుంది. పేచీ అంతా కాగితాలతోనే.

మీరు జతచేసిన వాటిలో టైటిల్ లేదు. ఉన్నది ట్యాక్స్ డిక్లరేషన్, అంటే మన దగ్గర పన్ను రసీదు లాంటిది. నోటరీ ప్లాటు కొని రెగ్యులరైజేషన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు, అడిగి చూడండి. ఫిలిప్పీన్స్‌లోనే ఉన్న బొరాకే దీవిలో ఇలాంటి కాగితాలు పెట్టుకునే ఏళ్ల తరబడి రిసార్టులు నడిపారు. వాటితో యాజమాన్య హక్కు రాదని, టైటిల్ లేని భూమి ప్రభుత్వానిదేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తేల్చింది.

టైటిల్ ఉన్నా అది మీ పేరు మీదకు రాదు. అక్కడి రాజ్యాంగం ప్రకారం విదేశీయులు భూమి కొనకూడదు. కంపెనీ పెడితే మీ వాటా 40 శాతం దాటకూడదు. ‘లోకల్ పార్ట్‌నర్ పేరున పెడదాం సార్’ అని ఏజెంటు అంటున్నది అందుకే. అది బినామీ, అక్కడా నేరమే. లీజు మాత్రం చట్టబద్ధం, కానీ ఇచ్చేవాడికి టైటిల్ ఉండాలిగా!

ఇక డబ్బు. 80 లక్షలు పంపితే, 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం, అంటే 14 లక్షలు బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపన్ను) కింద పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఇరుక్కున్నట్టే. మీ చేతిలో మిగిలేది 16 లక్షలు. ఖాళీ దీవి స్థలానికి దారి, కరెంటు, పడవల రేవు, మంచినీళ్లు అన్నీ మీరే తెచ్చుకోవాలి. ఒడ్డున బోరు లోతుగా దింపితే ఉప్పునీళ్లు పడతాయి. 16 లక్షలకు ఇందులో ఏది వస్తుంది? విదేశీ ఆస్తిని ఏటా రిటర్నులో చూపించాలి కూడా. మర్చిపోతే 10 లక్షల పెనాల్టీ పడొచ్చు.

మీరు అడగనిది ఒకటుంది. షాద్‌నగర్ ప్లాటు లాభం మీద పన్ను కట్టారా? పలావన్ స్థలం కొంటే ఆ పన్ను ఏమీ తగ్గదు. దీర్ఘకాలిక లాభమైతే, ఆ పన్ను తగ్గించుకోవడానికి క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో 50 లక్షల దాకా పెట్టుకోవచ్చు, కానీ అమ్మిన ఆరు నెలల్లోపే. రిజిస్ట్రేషన్ తేదీ మీరు రాయలేదు. ముందు అది చెప్పండి.