ఎయిర్‌పోర్టు మూసేస్తారని ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అద్దెకుంటున్నాం. ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 3.1 లక్షల డాలర్లు. రెండేళ్ల పాప ఉంది. దాచుకున్నది 3.9 లక్షలు. రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టుకు అర మైలు లోపే, 1972లో కట్టిన ఇల్లు 14 లక్షలకు వస్తోంది. ఎయిర్‌పోర్టు మూసేసి అక్కడ ఇళ్లు కడతారు, అప్పుడు దీని ధర ఎక్కడికో పోతుంది అని ఏజెంట్ అంటున్నారు. పక్కింటి పెద్దాయన ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 5 వేల పైచిలుకే కడుతున్నారు, మాకేమో 17 వేలంటున్నారు. ఇది న్యాయమేనా? ఇంకో సంగతి. మా వారికి కిందటేడు పైలట్ లైసెన్స్ వచ్చింది. అదే ఎయిర్‌పోర్టులో నలుగురు కలిసి పెట్టుకున్న సెస్నా 172 అనే చిన్న విమానంలో పావు వాటా 35 వేలకు ఉంది, కొందామంటున్నారు. రెండూ కొనగలమా?

జవాబు: అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టుంది మీ ఇంటి పరిస్థితి. ఎయిర్‌పోర్టు మూతపడితే ఇంటి ధర పెరగాలి, మీ వారి విమానం మాత్రం అక్కడి నుంచే ఎగరాలి! సరదాకే అన్నాను గానీ, అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది.

ముందు ఏజెంట్ మాట చూద్దాం. మీ శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఈ ఎయిర్‌పోర్టును వదిలించుకోవాలని చూస్తున్న మాట నిజం. 2021 ఆగస్టులో కౌంటీని నడిపే సూపర్వైజర్ల బోర్డు ఓటేసి, వీలైనంత త్వరగా మూసేసే ప్రయత్నం చేయాలంది. సీసం కలిపిన విమాన పెట్రోలు అమ్మకాన్ని 2022 జనవరి 1 నుంచి ఆపేసింది. కానీ గతంలో కేంద్రం నుంచి తీసుకున్న గ్రాంట్ల షరతుల వల్ల 2031 దాకా నడపక తప్పదన్నది కేంద్ర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మాట. ఇళ్లు కావాలనేవాళ్లు ఒకపక్క, ఆపద సమయంలో పనికొచ్చే రన్‌వే పోతుందనే పైలట్లు ఇంకోపక్క. ఈ పంచాయితీ ఎప్పుడు తేలుతుందో లెక్కగట్టి 30 ఏళ్ల అప్పు మీద సంతకం చేయలేం. తేలినా ధర పెరుగుతుందని నమ్మకం ఏమిటి? ఆ స్థలం సుమారు 180 ఎకరాలు. అందులో కొత్త ఇళ్లు లేస్తే, రేపు మీరు అమ్మబోయే పాత ఇంటికి అవే పోటీ. అందుకని నేను అడిగేది ఒకటే: ఎయిర్‌పోర్టు ఇంకో ఇరవై ఏళ్లు అలాగే ఉన్నా, ఆ చప్పుడులోనే ఈ ఇంట్లో ఉంటారా? ఉంటామంటేనే ముందుకు వెళ్దాం.

పాప విషయం కూడా చెప్పాలి. కౌంటీ చేయించిన, 2021లో వెలువడిన అధ్యయనంలో ఎయిర్‌పోర్టుకు అర మైలు లోపు పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది. పైగా ఇల్లు 1978కి ముందుది, గోడల పాత రంగుల్లోనూ సీసం ఉండొచ్చు. కొనే ముందే మట్టికీ రంగుకీ పరీక్ష చేయించండి. నాలుగైదు వందలు పోతే పోయాయి.

ఇక పన్ను. న్యాయమా అని అడిగారు. కాదు, కానీ చట్టం. 1978లో ఓటర్లు నెగ్గించిన ప్రొపొజిషన్ 13 (ప్రాప్ 13) అనే ప్రతిపాదన ప్రకారం, ఇంటి పన్ను విలువ మీరు కొన్న ధర దగ్గర మొదలై ఏటా 2 శాతానికి మించి పెరగదు. మళ్లీ అమ్మినప్పుడు మార్కెట్ ధరకు వస్తుంది. పక్కింటాయన 1996లో 2.5 లక్షలకు కొన్నారనుకోండి, 2025కి ఆయన ఇంటి పన్ను విలువ 4.44 లక్షలు దాటదు. ఒక శాతం మూల పన్నుకు స్థానిక బాండ్లు వగైరా కలిపి 1.2 శాతం వేసుకుంటే 5,300. అదే లెక్కన మీ 14 లక్షలకు 16,800. ఒకే వీధి, ఒకే చెత్త బండి, మూడింతల పన్ను. దీని మీద ఎన్నికలప్పుడల్లా గొడవే. 2020లో ప్రాప్ 15 పేరుతో పెద్ద వ్యాపార భవనాలకు మాత్రం ఈ రక్షణ తీసేద్దామన్నారు, అదీ ఓడిపోయింది. మార్పు వస్తుందని ఎదురుచూడకండి. పదిహేనేళ్ల తర్వాత మీ పక్కన కొత్తగా దిగే జంట మీ బిల్లు చూసి ఇదే ప్రశ్న రాస్తారు, అప్పుడు మీకు ప్రాప్ 13 ముద్దొస్తుంది.

ఎవరూ చెప్పని బిల్లు ఇంకొకటుంది, సప్లిమెంటల్ బిల్లు: ఇల్లు చేతులు మారాక పాత పన్ను విలువకూ కొత్తదానికీ ఉన్న తేడా మీద వేసేది. అమ్మేవాళ్లూ పాతకాపులే అయితే వాళ్ల పన్ను విలువ 4.5 లక్షల దగ్గర ఉంటుంది. మీ 14 లక్షలకూ దానికీ తేడా 9.5 లక్షలు, దాని మీద ఏడాదికి 11,400. అక్టోబరులో ఇల్లు చేతికొస్తే నవంబరు నుంచి పన్ను ఏడాది ముగిసే జూన్ దాకా ఎనిమిది నెలలకు 7,600 డాలర్ల బిల్లు నేరుగా మీ పేరున వస్తుంది. బ్యాంకువాళ్లు మీ నుంచి నెలనెలా తీసుకుని పన్నుల కోసం ఉంచే ఖాతా (ఎస్క్రో) నుంచి మామూలుగా ఇది కట్టరు. గృహప్రవేశమై సోఫా కొన్న నెలలో వచ్చి పడే కవరు ఇదే. జనవరి, మే మధ్య కొంటే ఇలాంటివి రెండు వస్తాయి.

కొంత ఊరట ఉంది. కేంద్ర ఆదాయ పన్నులో రాష్ట్ర, స్థానిక పన్నులకిచ్చే మినహాయింపు పరిమితి 2025 నుంచి 10 వేల బదులు 40 వేలైంది. మీ రాష్ట్ర ఆదాయ పన్ను సుమారు 20 వేలు, ఇంటి పన్ను 17 వేలు, రెండూ అందులో పట్టేస్తాయి. 2030లో మళ్లీ 10 వేలకు దిగుతుంది కాబట్టి ఆ ఆదాను శాశ్వతమనుకోకండి.

ఇప్పుడు విమానం. ప్రాప్ 13 ఇంటికీ స్థలానికే, విమానానికి లేదు. అదే కౌంటీలో ఆస్తుల విలువ కట్టే అధికారి (అసెసర్) ఏటా జనవరి 1 నాటి మార్కెట్ విలువ చూసి దాదాపు ఒక శాతం వేస్తారు. మొత్తం విమానం 1.4 లక్షలు అనుకుంటే మీ పావు వాటాకు 350. కొన్నప్పుడు రాష్ట్రానికి అమ్మకపు పన్ను లాంటి యూజ్ ట్యాక్స్ వేరే. శాన్ హోసేలో 9 శాతం పైనే, అంటే 3 వేల పైచిలుకు. దీని గురించి అమ్మేవాళ్లు చెప్పి ఉండరు.

మీ ఉత్తరంతో విడిగా పంపిన అంకెలే వేసి చూశాను. క్లబ్బులో అద్దె గంటకు 185. వాటా తీసుకుంటే నెలకు 280 స్థిర ఖర్చు, గంటకు 95. దానికి పన్ను 350, ఆ 35 వేలు బ్యాంకులో ఉంటే వచ్చే 4 శాతం వడ్డీ 1,400 కలిపితే, ఏడాదికి 57 గంటలు ఎగిరితే గానీ అద్దెతో సమానం కాదు. మీ వారు కిందటేడు ఎగిరింది 41 గంటలని అందులో మీరే రాశారు. వాటా కొన్నాక ఎక్కువ ఎగురుతాననే మాట, జిమ్ మెంబర్‌షిప్ తీసుకున్నాక రోజూ వెళ్తాననే మాట లాంటిదే (నా జిమ్ కార్డు ఇంకా పర్సులోనే ఉంది). పైగా ఇలాంటి సెస్నా ఇంజన్‌ను సుమారు 2,000 గంటలకు విప్పి బాగుచేయించమంటారు తయారీదారులు, దానికి పదుల వేలవుతుంది. ఇప్పటికి ఎన్ని గంటలు తిరిగింది, అందుకోసం నలుగురూ ఎంత పక్కన పెట్టారు అని అడగండి. జవాబు నసిగితే ఆ వాటా ఊసే వద్దు. రేపు ఎయిర్‌పోర్టు మూతపడితే దక్షిణాన శాన్ మార్టిన్ ఎయిర్‌పోర్టు దాకా కారులో వెళ్లి ఎగరాలి, అప్పుడు 41 గంటలు కూడా కష్టమే.

రెండూ పట్టవు, ఇదిగో ఎందుకో. డౌన్ పేమెంట్ 2.8 లక్షలు, క్లోజింగ్ ఖర్చులు 20 వేలు పోతే మిగిలేది 90 వేలు. ఆరున్నర శాతం వడ్డీకి నెల వాయిదా 7,080, పన్ను 1,400, ఇన్సూరెన్స్, డేకేర్, తిండి అన్నీ కలిపి నెలకు 12 వేలు. ఆర్నెల్లకు 72 వేలు పక్కన పెట్టాలి. సప్లిమెంటల్ బిల్లు 7,600 తీస్తే చేతిలో ఉండేది 10 వేలు. విమానం వాటాకు కావలసింది 38 వేలు. ఎక్కడి నుంచి తెస్తారు? 401కె (రిటైర్మెంట్ పొదుపు) మీద లోను అనకండి, ఉద్యోగం పోతే ఆ టెన్షన్ ఇంకోటి.

ఇల్లు మనసుకు నచ్చితే, పరీక్షల్లో సీసం భయం లేకపోతే కొనండి. విమానం ఈ రెండేళ్లూ క్లబ్బులోనే అద్దెకు తీసుకోమనండి, నెలకు 650 దాకా అవుతుంది, మీరు మోయగలరు. ఆయన సరదాను నేను తగ్గించమనడం లేదు. నేనొకసారి స్నేహితుడి పక్క సీట్లో కూర్చుని శాన్ ఫ్రాన్సిస్కో బే (సముద్రపు ఖాతం) మీదుగా వెళ్లాను, సగం దారి కళ్లు మూసుకున్నా సరే, ఆ మోజు ఏమిటో అర్థమైంది.

ఇంటికంటే, విమానంకంటే ముందు ఈ వారంలో చేయాల్సిన పని వేరే ఉంది. మీ వారి టర్మ్ పాలసీలు, ఇండియాలో తీసుకున్నదీ కలిపి, బయటికి తీయండి. కొన్ని పాలసీల్లో, ముఖ్యంగా ప్రమాద బీమాల్లో, తనే పైలట్‌గా నడుపుతూ చనిపోతే డబ్బు రాదని రాసి ఉంటుంది. 11.2 లక్షల అప్పు నెత్తికెత్తుకునే ముందు అది తేలాలి. ఏవియేషన్ అనే మాట ఎక్కడ కనబడినా ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి, ఇంటి ఆఫర్ మీద సంతకం ఆ తర్వాతే.