ఒక్క చెరువు కట్ట చాలు

నర్సంపేట,
అక్టోబర్ 20

బిడ్డ సుమకు పెద్దబాపు దీవెనలు.

పిట్టలు చూసుడు మొదలుపెడ్తా, ఏ బైనాక్యులర్ కొనాలె, కొల్లేరు పోవాల్నా పులికాట్ పోవాల్నా అని అడిగినవు. ఇప్పుడే ఎక్కడికీ పోకు. కొల్లేరు గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోలు సముద్రం దిక్కు సంగతి, వాటికి తర్వాత పోవచ్చు. నీ ఇంటికాన్నుంచి వడ్డేపల్లి చెరువు నడిచిపోయేంత దూరమే. ఒక ఏడాది ఆ ఒక్క చెరువునే చూడు. వారానికి ఒక్కనాడు, అదే దారి, అదే టైము. చెరువు మారకుంటేనే పిట్టలు మారుడు కండ్లకు ఆనుతది.

బైనాక్యులర్ 8×42 అని రాసి ఉన్నది కొను. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గర చేస్తదో, రెండోది ముందటి అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెప్తది. 10 రెట్లదైతే ఇంకా మంచిగ కనబడ్తదని అందరూ అంటరు గాని, దాంతోపాటు చెయ్యి వణుకుడు కూడ పెరుగుతది, కనబడే జాగ చిన్నగైతది. ఎగిరే పిట్టను అందులకు తెచ్చుకునేసరికి అది అవతలి గట్టు చేరుతది. జాతరల్ల అమ్మే 30×60 మడత బైనాక్యులర్ ఊకె ఇచ్చినా వద్దు, ఆ అంకె ఉత్తదే.

కొన్నంక చాలామంది చెయ్యని పని ఒకటున్నది. మన రెండు కండ్ల చూపు ఒక్క తీరు ఉండదు, అందుకే కుడి కంటి గొట్టానికి వేరే రింగు ఉంటది. దూరంల ఉన్న బోర్డు మీది అక్షరం చూడు. కుడి దిక్కు అద్దాన్ని చేత్తో మూసి, నడిమి చక్రం తిప్పి ఎడమ కంటికి సాఫ్ చేసుకో. ఇప్పుడు ఎడమ దిక్కు మూసి, చక్రం ముట్టకుండ కుడి రింగు మాత్రం తిప్పు. రింగు ఎక్కడ ఆగిందో పెన్నుతోని గీత పెట్టుకో. ఇది చెయ్యకుంటే అరగంటల తలనొప్పి వస్తది, తప్పు బైనాక్యులర్‌ది అనుకుంటవు. నీకు కండ్లద్దాలున్నయి గదా, రబ్బరు కప్పులు పూర్తిగ కిందికి తిప్పు, లేకుంటే సందులకెళ్లి చూసినట్టే ఉంటది. పిట్టను వెతికేది ఉత్త కండ్లతోనే. కనబడ్డంక చూపు దాని మీదినుంచి తియ్యకుండ బైనాక్యులర్‌ను కండ్లకాడికి తెచ్చుకో. పొద్దు దిక్కు మాత్రం ఎన్నడూ తిప్పకు, కన్ను పోతది.

పోతే మబ్బులనే, అంటే తెల్లారకముందే, లేచి పో. మే నెలల ఐదున్నర దాటంగనే తెల్లారుతది, ఎనిమిదికల్ల ఎండ పిట్టలను చెట్లల్లకు తోలేస్తది. జనవరిల ఆరున్నర దాటేదాక మబ్బు, మంచు ఉంటే ఏడున్నర దాక నీళ్లు కనబడవు, తొందరపడకు. పొద్దు నీ ఎన్కకు ఉండాలె. అంటే పొద్దుగాల తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడు, సాయంత్రం దాని ఉల్టా. ఎదురు ఎండల చూస్తే నీళ్ల మీద ప్రతి పిట్టా నల్లగనే కనబడ్తది, కొత్తోళ్ల తప్పుల్ల సగం ఇక్కడియ్యే.

చెరువుకాడికి పోంగనే ముందుగాల లోతు చూడు. బురద, దాని మీద రెండంగుళాల నీళ్లున్న కాడ ఉల్లంకి పిట్టలు, గులాబి రంగు పొడుగు కాళ్ల నలుపు తెలుపు పిట్టలు తిరుగుతయి. మోకాలు లోపు నీళ్లల్ల కొంగలు, నత్తగుల్ల కొంగ. ఈ నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడిమిట్ల సందు ఉంటది, నత్తను పట్టేటందుకు పనికొచ్చే సందు అది. చలికాలం వచ్చే సూదితోక బాతు తల ముంచి తోక పైకి లేపి తింటది గనుక మెడ అందేంత లోతే దానికి కావాలె. నడి చెరువుల నీటికాకి, మునుగుడు కోడి, తెల్ల నొసలు బొల్లికోడి. తామరాకులల్ల, గుర్రపుడెక్కల నీలి బొల్లికోడి, జంబుకోడి. చెరువుల బాగుకు సర్కారు పెట్టిన మిషన్ కాకతీయ 2015ల మొదలైనకాన్నుంచి మన దిక్కు మస్తు చెరువుల పూడిక తీసిండ్రు, నీళ్లకు మంచిదే. కాని అంచులు నిలువుగ తవ్విన చోట ఉల్లంకికి కాలు పెట్ట జాగ ఉండదు. పిట్టలు వస్తలేవు అనే ముందు అంచు చూడు.

ఇగ తెల్ల కొంగలు. అన్నీ ఒక్కటే అనుకుంటే మన చెరువుల్ల నాలుగు రకాలున్నయని తెల్వకుండనే పోతది. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, కాలి వేళ్లు మాత్రం పసుపుల ముంచి తీసినట్టున్నది చిన్న కొంగ. అది బురదల కాలు ఆడించి చేపను లేపుతది, అప్పుడే వేళ్లు కనబడ్తయి, ఓపిక పట్టు. పొట్టి పసుపు ముక్కు, దవడ కింద ఉబ్బు ఉండి గేదెల ఎంబడి, నాగలి ఎంబడి తిరిగేది పశువుల కొంగ. మిగిలిన రెండింటితోనే పంచాయితీ. పెద్ద కొంగ, నడిపి కొంగ పక్కపక్కన ఉంటే ఎత్తు తెల్సిపోతది, ఒక్కటే ఉంటే తెల్వది. నోటి మూల గీత చూడు. కంటి కింది దాకనే వచ్చి ఆగితే నడిపిది, కన్ను దాటి ఎన్కకు పోతే పెద్దది. పెద్దదాని మెడ నడిమిట్ల విరిగినట్టు వంకర ఉంటది. ముక్కు రంగును మాత్రం నమ్ముకోకు. పిల్లలు చేసే కాలంల పెద్ద కొంగ పసుపు ముక్కు నల్లగైతది, పశువుల కొంగ తల, మెడ కాషాయం రంగుకు తిరుగుతయి. ఒక్క రంగు చూసి పేరు రాసినోళ్లు వానకాలం రాంగనే తికమకపడ్తరు. ఇగ మట్టిరంగుల బురదల కూసున్న గుడ్డికొంగ ఎగిరితే రెక్కలు తెల్లగ మెరుస్తయి, దాన్ని కూడ తెల్ల కొంగల లెక్కల కలపకు.

దసరానాడు పాలపిట్టను చూసిన్నని రాసినవు. మంచిదే, కాని ఎర్ర ముక్కు ఉండెనా? ఉంటే అది లకుముకి పిట్ట. దాని రెక్కలు కూడ నీలమే గనుక ఎంతమంది దాన్ని మొక్కి ఇంటికొస్తరో లెక్క లేదు. లకుముకిది పొడుగు ఎర్ర ముక్కు, తెల్ల రొమ్ము, గోధుమ తలకాయ. పాలపిట్ట ముక్కు నల్లగ పొట్టిగ, రొమ్ము ఇటుక మట్టి రంగు, గొంతు మీద తెల్ల గీతలు. కరెంటు తీగ మీద కూసుంటే సాదాగ ఉంటది, రెక్క విప్పితేనే ముదురు నీలం, లేత నీలం పట్టీలు మెరుస్తయి. పంజరంల పెట్టి పండుగనాడు చూపిస్త అని ఎవడన్న వస్తే పైస ఇయ్యకు. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టుడు నేరం.

నోట్ బుక్కు జేబుల పట్టేది, పెన్సిల్ ఒకటి. తారీకు, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, నీళ్లు మెట్ల మీద ఏ మెట్టుదాక ఉన్నయో రాయి. గుంపును లెక్కవెట్టేది ఇట్ల. ముందుగాల పదింటిని ఒక్కొక్కటిగ లెక్కవెట్టి, ఆ పది ఎంత జాగ పట్టిందో కండ్లల్ల పెట్టుకొని, అంత జాగను గుంపు మీద ఎన్నిసార్లు పరచవచ్చో చూడు. 'చాలా ఉన్నయి' అని రాయకు, పనికిరాదు. పేరు తెల్వని పిట్ట కనబడితే ముందు పుస్తకం తియ్యకు, పిట్ట పోతది. ముక్కు, కాళ్లు, కంటి మీది గీత, తోక, ఏం చేస్తున్నదో రాసుకొని ఆ తర్వాత వెతుకు. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ 1931ల నిజాం రాజ్యం పిట్టల సర్వేకు వచ్చినప్పుడు చేసింది కూడ ఏ పిట్ట, ఏ ఊరు, ఏనాడు అని రాసిపెట్టుడే.

ఫోన్‌ల మెర్లిన్ అనే యాప్ పెట్టుకో, అరుపు విని పేరు చెప్తది. అది చెప్పిన పేరు జాడ మాత్రమే. పిట్టను కండ్లార చూడకుండ ఈబర్డ్ (చూసిన పిట్టలను నమోదు చేసే వెబ్‌సైటు) లిస్టుల ఎక్కించకు. గోరింక ఇంకో పిట్ట గొంతు ఎత్తుకుంటది, మెర్లిన్ కూడ మోసపోతది. మచ్చల మచ్చల గోధుమ రంగు ఆడ కోయిలను చూసి కొత్త పిట్ట దొరికిందని సంబురపడే వాళ్లున్నరు, నువ్వు ఆ జట్టుల కలవకు. అరుపు ప్లే చేసి పిట్టను పిలుసుడు కూడ వద్దు. ఇంకో మగది తన జాగలకు వచ్చిందనుకొని తిండి మాని కొట్లాటకు తిరుగుతది.

కాలం సంగతి. ఇప్పుడు తోకాడించే పిట్టలు దిగుతుంటయి, నవంబరు నుంచి బాతులు, జనవరిల మస్తుగ ఉంటయి. హిమాలయాల అవతలినుంచి వచ్చే పట్టెతల బాతు తల ఎన్క రెండు నల్ల పట్టీలతోని దూరంకెల్లే గుర్తు దొరుకుతది. మార్చి నాటికి సర్దుకొని ఎళ్లిపోతయి. ఎండాకాలం శిఖం (నీళ్లు తగ్గినంక బయటపడే చెరువు నేల) తేలంగనే తీతువు ఉత్త నేల మీదనే, గులకరాళ్ల నడుమ నాలుగు గుడ్లు పెడ్తది. అది నెత్తి మీదికి దూకి మొత్తుకుంటుంటే నీ కాళ్ల దగ్గరనే గుడ్లున్నట్టు. అక్కడికక్కడ ఆగి, కింద చూసుకుంట వచ్చిన అడుగుల్లనే ఎన్కకు రా. ఫొటో కోసం నిలబడ్డవో, ఎండకు గుడ్లు ఉడుకుతయి. వానకాలం తుమ్మ కొమ్మలకు, ఈత మట్టలకు గిజిగాని గూళ్లు వేలాడ్తయి. అల్లేది పసుపు తల మగదే.

తెల్ల బట్టలు ఏసుకోకు, మట్టి రంగో ఆకుపచ్చో మంచిది. చెరువు నిండితే నీళ్లు పొంగి పారే మత్తడి మీద పాచి ఉంటది, నడవకు. సర్కారు తుమ్మల చెప్పులతోని దూరకు, బూట్లు ఉండాలె. ఒంటరిగ పోయేనాడు ఇంట్ల చెప్పి పో.

ఇంటి మీద మట్టి మూకుడుల నీళ్లు పెడ్తనన్నవు. రెండంగుళాలకు మించి లోతు వద్దు, నడిమిట్ల గరుకు రాయి పెట్టు, లేకుంటే పిచ్చుకలు జారి మునుగుతయి. నీడల పెట్టు, గుబురు చెట్టుకు నాలుగైదు అడుగులు దూరంగ, లేకుంటే పిల్లి పొంచి ఉంటది. రోజు పారబోసి కొబ్బరి పీసుతోని రుద్ది నింపు, నిలువ ఉంచితే వారంల దోమలు లేస్తయి. జొన్నలు, నూకలు పెట్టు, ఉప్పు కలిసిన అన్నం వద్దు.

డిసెంబరుల ఒకసారి ఇటు రా, పాకాల పోదాం. గణపతిదేవుని కాలంల 1213ల కట్టిన చెరువు, చుట్టూ అడవి. చెరువు పిట్టలు ఒక దిక్కు, వడ్రంగి పిట్టలు, వంగపండు పిట్ట ఇంకో దిక్కు ఉంటయి. అప్పటిదాక వడ్డేపల్లి కాడ ఎనిమిది ఆదివారాలైతయి. ప్రతి ఆదివారం తెల్ల కొంగలు ఏ రకం ఎన్ని అనేది రాసి పట్టుకరా. చిన్న కొంగ అని రాసిన కాడ వేళ్లు చూసినవో లేదో పక్కన రాయి.

మీ పెద్దబాపు