కోచ్ కాబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మోకాలి శస్త్రచికిత్స తరువాత ఇక ఫుట్‌బాల్ ఆటగాడిగా మైదానంలో దిగనని, కోచింగ్ లైసెన్సు కోర్సుకు పేరు నమోదు చేసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా గర్వపడ్డాను, ఆ వెంటనే భయమూ కలిగింది. ఆట ఆగిపోయిన బాధను మరిచిపోవడానికే ఈ దారి పట్టావేమోనన్నది నా మొదటి భయం.

డిగ్రీ మధ్యలో ఆపకు. ప్రథమ చికిత్స నేర్చుకో. ప్రతి సాధనకూ ముందురోజే ప్రణాళిక రాసుకో. ఇవి నీకు తెలిసినవే.

నీవు శ్రద్ధగా చదవవలసింది ఈజిప్టుకు చెందిన మహమూద్ అల్ గొహరీ జీవితం. 1959లో కైరోలో జరిగిన ఆఫ్రికా కప్పులో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, మూడు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచిన ఆటగాడాయన. గాయం ఆయన ఆటనూ అర్ధాంతరంగా ఆపేసింది. అయినా ఆటగాడిగా వచ్చిన పేరును పట్టుకుని నేరుగా పెద్ద పదవికి పోలేదు, ఏళ్ల తరబడి ఇతరుల కింద సహాయకుడిగా పనిచేశాడు. 1982లో కైరో క్లబ్బు అల్ అహ్లీని కోచ్‌గా తొలిసారి ఆఫ్రికా క్లబ్ విజేతగా నిలిపాడు. 1993లో అదే కప్పును, అహ్లీకి బద్ధప్రత్యర్థి అయిన జమాలెక్‌కు అందించాడు. ఆ రెండు క్లబ్బుల అభిమానుల మధ్య ఉన్న వైరం తెలిసినవారికి ఇదెంత అరుదైన సంగతో అర్థమవుతుంది.

అంతటి మనిషి ఈజిప్టు జట్టు కోచ్‌గా ప్రపంచకప్పులో చేసిన ఒక పొరపాటు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. 1934 తరువాత మళ్లీ 1990లోనే ఈజిప్టు ప్రపంచకప్పులో అడుగుపెట్టింది. ఆ అర్హత కోసం కైరోలో అల్జీరియాపై గెలిపించిన గోల్ హొస్సాం హసన్‌ది. ఇటలీలో తొలి మ్యాచ్‌లో, యూరప్ విజేతగా వచ్చిన నెదర్లాండ్స్‌ను 1-1తో నిలువరించారు. మిగిలిన మ్యాచ్‌లు కూడా డ్రాలే కావడంతో, జూన్ 17న పాలెర్మోలో ఐర్లండ్‌తో ఆడేనాటికి గ్రూపులోని నాలుగు జట్లలో ఎవరికీ గెలుపు దక్కలేదు. ఆ రోజు గెలిచినవారు గ్రూపులో ఒంటరిగా అగ్రస్థానానికి చేరేవారు. ఈజిప్టు మాత్రం గెలవాలని ఆడలేదు, ఓడకూడదని ఆడింది. బంతిని మళ్లీ మళ్లీ గోల్‌కీపర్‌కు వెనక్కి ఇచ్చారు, అతడు దాన్ని చేతుల్లోకి తీసుకుని కాలం గడిపాడు. మ్యాచ్ 0-0గా ముగిసింది. నాలుగు రోజుల తరువాత ఇంగ్లండ్ చేతిలో 0-1తో ఓడారు. ఆ గ్రూపులో ఇంటిదారి పట్టింది ఈజిప్టు ఒక్కటే. ఐర్లండ్‌పై గెలిచి ఉంటే, ఇంగ్లండ్‌తో ఓడినా తరువాతి దశకు చేరేవారు. వెనక్కి కాలితో ఇచ్చిన పాస్‌ను గోల్‌కీపర్ చేతితో పట్టరాదన్న నిబంధన 1992లో వచ్చింది. అందుకు దారితీసిన మ్యాచ్‌లలో ఇదీ ఒకటని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో దూరదర్శన్‌లో ఆ ప్రపంచకప్పు చూసిన మా తరం వాళ్లలో చాలామంది గొహరీని పిరికివాడన్నారు. నేను అనను. యాభై ఆరేళ్ల నిరీక్షణ భుజాన మోస్తున్నవాడు, చేతికందిన పరువును కాపాడుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ కోచ్ మనసులోని భయం పదకొండుమంది కాళ్లలోకి దిగుతుంది. నీలోనూ ఆ గుణం ఉంది, కోపగించుకోకు. నీవు కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఒక గోల్ ఆధిక్యం రాగానే అందరినీ వెనక్కి పిలిచేవాడివి. గట్టు మీద నిలబడి ఎన్నిసార్లు అరిచానో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ అరుపుల వెనక నీ ఆట మీద నాకున్న ప్రేమ ఉందని ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

గొహరీ అక్కడితో ఆగిపోలేదు. 1998లో బుర్కినా ఫాసోలో జరిగిన ఆఫ్రికా కప్పులో, ముప్పై ఒక్క ఏళ్ల హొస్సాం హసన్‌ను నమ్మి ముందు నిలిపితే, అతడు ఏడు గోల్స్ చేశాడు. ఫైనల్లో దక్షిణాఫ్రికాపై 2-0తో గెలిచి, ఆటగాడిగానూ కోచ్‌గానూ ఆఫ్రికా కప్పు అందుకున్న మొదటి వ్యక్తి అయ్యాడు గొహరీ. మరుసటి ఏడాది కాన్ఫెడరేషన్స్ కప్పులో సౌదీ చేతిలో 1-5తో ఓడగానే పదవి పోయింది. నా రెండో భయం ఇదే నాయనా. ఈ వృత్తిలో నిన్నటి కప్పు రేపటి జీతానికి హామీ కాదు, అందుకే డిగ్రీ మాట ముందే చెప్పాను. అరవై నాలుగేళ్ల వయసులో ఆయన జోర్డాన్ వెళ్లి, 2004లో ఆ దేశాన్ని తొలిసారి ఆసియా కప్పుకు, అక్కడి నుంచి క్వార్టర్ ఫైనల్‌కు చేర్చాడు. అక్కడ జపాన్‌తో పెనాల్టీల దాకా పోరాడి ఓడారు. ఆయన నమ్మిన హొస్సాం హసన్ 2024లో ఈజిప్టుకే కోచ్ అయ్యాడు.

మోకాలు పూర్తిగా నయమయ్యేవరకు పిల్లలకు చూపించడానికి కూడా బంతిని తన్నకు, నోటితో చెప్పు. కోర్సు మొదలయ్యేలోగా ఆ ఐర్లండ్ మ్యాచ్ దొరికితే పూర్తిగా చూసి, చివరి అరగంటలో నీవైతే ఎవరిని మార్చేవాడివో, ఎవరిని ముందుకు పంపేవాడివో ఒక పేజీ రాసి నాకు పంపు. తప్పులుంటే ఎర్ర కలంతో దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య